సిలికాన్-గ్రాఫైట్ ఆనోడ్ ఎలా చేయాలి: పొడి తూకం నుంచి కాయిన్ సెల్ లెక్కల దాకా

"మొదటి సైకిల్లో కెపాసిటీ బ్రహ్మాండంగా వచ్చింది. పదో సైకిల్‌కి సగం కూడా మిగల్లేదు. సిలికాన్ పొడి మంచిది కాదంటారా?" బ్యాటరీ ల్యాబుల్లో కొత్తగా పని మొదలుపెట్టిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. (సైకిల్ అంటే ఒకసారి ఛార్జ్, ఒకసారి డిశ్చార్జ్.) వివరాలు కనుక్కుంటే చాలాసార్లు పొడి బాగానే ఉంటుంది. తేడా బైండర్‌లోనో (రేణువుల్ని కలిపి పట్టి ఉంచే జిగురు), పూత మందంలోనో, డిస్కు తూకంలోనో ఉంటుంది. ఇంకొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య. వాళ్ల సెల్ వంద సైకిళ్లు చక్కగా నడుస్తుంది, కానీ ఆ పూత ఎంత పల్చనిదంటే దాంతో పనికొచ్చే బ్యాటరీ ఏదీ రాదు. ఈ రెండు రకాల వాళ్లకీ పనికొచ్చేలా సిలికాన్-గ్రాఫైట్ ఆనోడ్ (ఛార్జ్ అయ్యేటప్పుడు లిథియం చేరే ఎలక్ట్రోడ్) చేసే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన మాట: ఇది ఆర్గాన్ గ్లవ్ బాక్స్, ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబులో చేసే పని. ఇంట్లో ప్రయత్నించవద్దు. లిథియం లోహం నీటితో తీవ్రంగా చర్య జరుపుతుంది. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌కి తడి తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది ప్రాణాంతక విషం.

తెలిసి ఉండాల్సిన కాస్త సిద్ధాంతం

గ్రాఫైట్ గ్రాముకు గరిష్ఠంగా 372 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు) లిథియం పట్టుకుంటుంది. సిలికాన్ గది ఉష్ణోగ్రత వద్ద 3579 దాకా పట్టుకుంటుంది. 4200 అనే అంకె కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఎక్కువ ఉష్ణోగ్రతలో ఏర్పడే మిశ్రమానిది, మీ లెక్కల్లో వాడకండి. లిథియం నిండేసరికి సిలికాన్ ఘనపరిమాణం దాదాపు నాలుగింతలవుతుంది. గ్రాఫైట్ ఉబ్బేది సుమారు 10 శాతమే.

ఈ ఉబ్బు, కుంచించుకుపోవడం వల్ల మూడు నష్టాలు. రేణువు పగులుతుంది. పూతలో రేణువుల మధ్య స్పర్శ తెగుతుంది. రేణువు మీద ఎలక్ట్రోలైట్ వల్ల ఏర్పడిన రక్షణ పొర ప్రతి సైకిల్లో చిట్లి, మళ్లీ కొత్తగా ఏర్పడుతూ లిథియాన్నీ ఎలక్ట్రోలైట్‌నీ తినేస్తుంది. మొదటిదాన్ని చిన్న రేణువులు వాడి చాలావరకు ఆపొచ్చు. రెండోది బైండర్ పని. మూడోది మాత్రం పూర్తిగా ఆగదు, తగ్గించగలం అంతే. అందుకే సిలికాన్ ఆనోడ్‌ని కెపాసిటీ చూసి కాక, ప్రతి సైకిల్లో ఎంత లిథియం పోతోందో చూసి అంచనా వేయాలి. కింద రాసిన దశలన్నీ ఆ నష్టాన్ని తగ్గించడానికీ, నిజాయితీగా కొలవడానికీ ఉద్దేశించినవే.

కావలసినవి

పదార్థాలు:
- సిలికాన్ పొడి, సుమారు 100 నుంచి 150 నానోమీటర్ల రేణువులు
- బ్యాటరీ గ్రేడ్ గ్రాఫైట్
- కార్బన్ బ్లాక్
- పాలీఅక్రిలిక్ ఆమ్లం (ఇకపై పీఏఏ), లిథియం హైడ్రాక్సైడ్, డీఅయనైజ్డ్ నీరు
- 10 మైక్రాన్ల రాగి రేకు
- లిథియం డిస్కులు, పాలీప్రొపిలీన్ సెపరేటర్, 2032 సైజు కాయిన్ సెల్ భాగాలు
- ఇథిలీన్ కార్బొనేట్, డైఇథైల్ కార్బొనేట్ సమపాళ్ల మిశ్రమంలో 1 మోలార్ లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ఎలక్ట్రోలైట్. అందులో బరువులో 10 శాతం ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్ (ఇకపై ఎఫ్‌ఈసీ)

పరికరాలు: 0.01 మిల్లీగ్రాము దాకా చూపే త్రాసు, స్లర్రీ (పూతకు వాడే చిక్కటి ద్రవం) మిక్సర్ లేదా చిన్న బాల్ మిల్, డాక్టర్ బ్లేడ్ (పూతని ఒకే మందంలో పరిచే పట్టీ), వాక్యూమ్ ఓవెన్, డిస్క్ పంచ్, గ్లవ్ బాక్స్, క్రింపర్ (సెల్ అంచు నొక్కి మూసేది), బ్యాటరీ సైక్లర్. త్రాసు విషయంలో రాజీ పడొద్దు. ఎందుకో ఆరో దశలో చెబుతాను.

రక్షణకు నానో పొడులను ఆపగల రెస్పిరేటర్, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, లోహాల మంటలకు వాడే డి-క్లాస్ అగ్నిమాపకం. లిథియం మంట మీద నీళ్లు గానీ, కార్బన్ డయాక్సైడ్ గానీ వాడకూడదు.

మొదటి దశ: పాళ్లు నిర్ణయించుకోండి

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఇది: ఒక గ్రాము ఘనపదార్థంలో సిలికాన్ 0.15, గ్రాఫైట్ 0.70, కార్బన్ బ్లాక్ 0.05, బైండర్ 0.10 గ్రాములు. సిలికాన్ 60, 70 శాతం పెట్టి మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. మొదట 15 శాతంతో నిలకడగా ఫలితం తెచ్చుకోండి, తర్వాత పెంచండి.

ఈ పాళ్లలో సిద్ధాంతపరంగా వచ్చే కెపాసిటీ లెక్క కట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. సిలికాన్ వాటా 0.15 × 3579 = 537. గ్రాఫైట్ వాటా 0.70 × 372 = 260. మొత్తం గ్రాము పూతకు 797 ఎంఏహెచ్. కొలిచినప్పుడు దీనికన్నా ఎక్కువ వచ్చిందంటే సంబరపడకండి, తూకం తప్పిందని అర్థం.

సిలికాన్ రేణువు ఎంత చిన్నదైతే అంత మంచిదనే అభిప్రాయం ఒకటుంది. స్ఫటిక సిలికాన్ నానో రేణువులు సుమారు 150 నానోమీటర్ల లోపు ఉంటే మొదటిసారి లిథియం నింపినప్పుడు పగలవని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పరిశీలనలు చూపించాయి. అంతకన్నా బాగా చిన్నవి తీసుకుంటే వేరే నష్టం మొదలవుతుంది. గాలి తగిలిన సిలికాన్ మీద సుమారు 2 నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉంటుంది. 150 నానోమీటర్ల రేణువులో ఆ పొర వాటా 8 శాతం. 50 నానోమీటర్ల రేణువులో అదే పొర వాటా 22 శాతం. ఆ ఆక్సైడ్ మొదటి సైకిల్లో లిథియాన్ని తీసుకుని తిరిగి ఇవ్వదు. పైగా ఉపరితలం పెరిగేకొద్దీ రక్షణ పొరకు అయ్యే లిథియం కూడా పెరుగుతుంది.

వరి ఊక బూడిదలోని సిలికా నుంచి మెగ్నీషియంతో సిలికాన్ తయారు చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, చర్య సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది. కానీ రెండు ప్రమాదాలున్నాయి. చర్యలో వేడి ఒక్కసారిగా పుడుతుంది, అందుకే ఆ వేడిని పీల్చుకోవడానికి ఉప్పు కలుపుతారు. ఇక మెగ్నీషియం ఎక్కువై మెగ్నీషియం సిలిసైడ్ మిగిలితే, ఆమ్లంతో కడిగేటప్పుడు సిలేన్ వాయువు వస్తుంది. గాలి తగిలితే అది దానంతటదే అంటుకుంటుంది. అనుభవమున్నవారు పక్కన లేకుండా ఆ దారిలో వెళ్లకండి. పూత, సెల్ నేర్చుకోవడానికి కొన్న పొడే మంచిది. ఒకేసారి రెండు అనిశ్చితులు పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

రెండో దశ: బైండర్ ద్రావణం

1. పీఏఏని నీటిలో 5 శాతం ద్రావణంగా కలపండి. రాత్రంతా మెల్లగా తిప్పితే గడ్డలు లేకుండా కరుగుతుంది.
2. లిథియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్ 6-7 దగ్గరికి తీసుకురండి. ద్రావణం చిక్కబడుతుంది, కంగారు పడకండి.
3. హైడ్రాక్సైడ్ వల్ల కలిసిన నీటిని కూడా లెక్కలోకి తీసుకోండి. ద్రావణంలో కాస్త తీసి, తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తే అసలు ఘనశాతం తెలుస్తుంది.

పీహెచ్ 8 దాటనివ్వొద్దు. క్షారం ఎక్కువైతే సిలికాన్ నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. అసలు తటస్థీకరించకుండా వాడితే ఆమ్లం రాగి రేకుని తింటుంది.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్), ఎస్‌బీఆర్ (స్టైరీన్-బ్యూటాడయీన్ రబ్బరు) జంట గ్రాఫైట్ ఆనోడ్‌లలో విస్తృతంగా వాడేదే, సిలికాన్ తక్కువ పాళ్లలో ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. ఎస్‌బీఆర్‌ని మాత్రం చివర్లో, మెల్లగా తిప్పుతూ కలపాలి. గట్టిగా తిప్పితే ఆ ఎమల్షన్ విరిగిపోతుంది. ఇంకొకటి, గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్. 2011లో క్లెమ్సన్, జార్జియా టెక్ పరిశోధకులు సిలికాన్‌కి ఇది బాగా పట్టు ఇస్తుందని చూపించారు. పీఏఏ, సీఎంసీ, ఆల్జినేట్‌లలో ఉండే కార్బాక్సిల్ సమూహాలు సిలికాన్ మీది ఆక్సైడ్‌ని గట్టిగా పట్టుకుంటాయి. పీవీడీఎఫ్ (పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్)కి ఆ పట్టు లేదు. కాథోడ్‌కి వాడే పీవీడీఎఫ్ ల్యాబులో సిద్ధంగా ఉంది కదా అని దాన్నే సిలికాన్‌కీ వాడటం, పదో సైకిల్‌కే పడిపోయే సెల్స్ వెనుక నేను తరచూ చూసే కారణం.

మూడో దశ: స్లర్రీ

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. చెడ్డ స్లర్రీని తర్వాతి ఏ దశా బాగుచేయలేదు.

1. సిలికాన్, కార్బన్ బ్లాక్ తూచి, ఫ్యూమ్ హుడ్‌లో పొడిగానే కలపండి. నానో పొడి గాల్లో తేలుతుంది, పీల్చకూడదు.
2. బైండర్ ద్రావణం 2 గ్రాములు తీసుకోవాలి (5 శాతం లెక్కన 0.10 గ్రాముల ఘనం). ముందు అందులో సగమే పోసి, చిక్కటి ముద్దగా 15 నుంచి 20 నిమిషాలు కలపండి. ముద్ద చిక్కగా ఉన్నప్పుడే రాపిడి ఎక్కువై గడ్డలు విడిపోతాయి.
3. గ్రాఫైట్ వేసి మళ్లీ కలపండి.
4. మిగతా ద్రావణం, అవసరమైతే కొద్దికొద్దిగా నీరు చేర్చండి. గరిటె పైకెత్తితే స్లర్రీ తెగకుండా సన్నటి ధారగా జారాలి. ఆ ధార పడినచోట ఏర్పడిన మడత రెండు మూడు సెకన్లలో కలిసిపోవాలి.
5. బుడగలు పోయేలా కాసేపు వాక్యూమ్‌లో ఉంచండి.

పరీక్ష: ఒక చుక్కని గాజు పలక మీద వేసి, ఇంకో పలకతో పల్చగా లాగి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తే ఇంకా గడ్డలున్నట్టే. గ్రైండ్ గేజ్ ఉంటే 30 మైక్రాన్ల కన్నా పెద్ద గడ్డలు లేవని చూసుకోండి.

హెచ్చరిక: సిలికాన్ ఉన్న నీటి స్లర్రీని మూత బిగించి రాత్రంతా వదిలేయకండి. హైడ్రోజన్ చేరి సీసా ఉబ్బుతుంది, పగలొచ్చు. అదే రోజు పూత వేసేయండి. స్లర్రీ నురుగులా పొంగుతూ, చిన్న చిన్న బుడగలు ఆగకుండా వస్తుంటే పీహెచ్ మళ్లీ చూడండి. ఆ స్లర్రీతో పూత వేస్తే సూదిగుచ్చుల్లాంటి రంధ్రాలు మిగులుతాయి.

నాలుగో దశ: పూత

రాగి రేకుని ఇథనాల్‌తో తుడిచి, ముడతలు లేకుండా గాజు బల్ల మీద పరచండి. డాక్టర్ బ్లేడ్ ఖాళీని 150 మైక్రాన్లకు పెట్టి, ఆగకుండా ఒకే వేగంతో లాగండి. పైన చెప్పిన స్లర్రీతో ఆరిన తర్వాత చదరపు సెంటీమీటరుకు సుమారు 3 మిల్లీగ్రాములు రావాలి. రాకపోతే ఖాళీ మార్చి మళ్లీ వేయండి. బ్లేడ్ మీది అంకెని నమ్మకండి, త్రాసు చెప్పేదే లెక్క.

ఎందుకు 3 మిల్లీగ్రాములు? ఆ బరువుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.4 ఎంఏహెచ్ వస్తుంది, నిజమైన బ్యాటరీలకు ఇది దగ్గరి విలువ. 0.5 మిల్లీగ్రాముల పల్చటి పూత వేస్తే ఏ బైండరైనా, ఏ సిలికానైనా బాగా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆ ఫలితం చూసి మందంగా వేసిన రోజున పూత రేకు మీంచి ఊడొస్తుంది. మీ పూత కనీసం 2 ఎంఏహెచ్ ఇవ్వకపోతే ఆ సెల్ చెప్పే సైకిళ్ల సంఖ్యకు విలువ లేదని నా అభిప్రాయం. ఈ విషయంలో మొదటి నుంచీ గట్టిగా ఉంటే తర్వాత నెలల శ్రమ మిగులుతుంది.

ఐదో దశ: ఆరబెట్టడం

ముందు 60 డిగ్రీల దగ్గర తడి పోయేదాకా, తర్వాత వాక్యూమ్‌లో 100 నుంచి 110 డిగ్రీల దగ్గర 12 గంటలు. వాక్యూమ్ లేకుండా ఎక్కువ వేడి పెడితే రాగి ఆక్సీకరణం చెంది రంగు మారుతుంది. తొందరపడి మొదటే వేడి పెంచితే పూత బీటలు వారుతుంది.

పట్టు పరీక్ష: ఆరిన పూత ముక్కని పూత పైకి వచ్చేలా 5 మిల్లీమీటర్ల కడ్డీ చుట్టూ వంచండి. పగుళ్లు రాకూడదు, పొడి రాలకూడదు. రాలితే బైండర్ తక్కువైంది, లేదా సరిగా కలవలేదు. అలాంటి పూతతో సెల్ కట్టి టైం వృథా చేసుకోవద్దు.

రోలర్‌తో నొక్కాలా? గ్రాఫైట్ ఆనోడ్‌ని గట్టిగా నొక్కుతారు. సిలికాన్ ఉన్నప్పుడు అది ఉబ్బడానికి కాస్త ఖాళీ కావాలి కాబట్టి తేలికగానే నొక్కండి. మొదటి బ్యాచ్‌కి అసలు నొక్కకపోయినా ఫర్వాలేదు.

ఆరో దశ: డిస్కులు కోయడం, తూచడం

12 మిల్లీమీటర్ల పంచ్‌తో డిస్కులు కోయండి. అంచున రాగి ముళ్లు లేవని భూతద్దంతో చూడండి. అవి సెపరేటర్‌ని చీల్చి షార్ట్ చేస్తాయి.

ఇప్పుడు త్రాసు సంగతి. 12 మిల్లీమీటర్ల డిస్కు వైశాల్యం 1.13 చదరపు సెంటీమీటర్లు. అందులో 10 మైక్రాన్ల రాగి బరువు సుమారు 10.1 మిల్లీగ్రాములు, పూత బరువు 3.4 మాత్రమే. అంటే మీరు కొలవాలనుకున్నదాని కంటే రేకు మూడింతలు బరువు. రేకు మందం 2 శాతం అటూ ఇటూ ఉంటే 0.2 మిల్లీగ్రాముల తేడా వస్తుంది. పూత బరువులో అది 6 శాతం. 700 రావాల్సిన కెపాసిటీ 742గా కనిపించడానికి ఆ ఒక్క తేడా చాలు. "కొత్త బైండర్‌తో 5 శాతం మెరుగైంది" అనుకునే ఫలితాల్లో కొన్ని ఇలా రేకు మందంలోంచి పుట్టినవే.

అందుకని పూత వేసిన అదే రేకులో, పూత లేని అంచు నుంచి పది ఖాళీ డిస్కులు కోసి తూచండి. సగటునీ, వాటి మధ్య తేడానీ రాసుకోండి. పూత డిస్కు బరువులోంచి ఆ సగటు తీసేయండి. ఆ తేడాని మీ ఫలితం పక్కన తప్పు పరిమితిగా చూపించండి. డిస్కులు వాక్యూమ్ ఓవెన్‌లోంచి తీసిన వెంటనే తూచాలి. పీఏఏ గాల్లో తేమని త్వరగా పీల్చుకుంటుంది, త్రాసు మీద అంకె నెమ్మదిగా పెరుగుతూ పోవడం మీకే కనిపిస్తుంది. తూచాక గ్లవ్ బాక్స్‌లోకి పంపే ముందు మరోసారి వాక్యూమ్‌లో ఆరబెట్టండి.

ఏడో దశ: సెల్ కట్టడం

గ్లవ్ బాక్స్‌లో ఆర్గానే ఉండాలి. నైట్రోజన్‌తో లిథియం చర్య జరుపుతుంది. తేమ, ఆక్సిజన్ రెండూ 1 పీపీఎం లోపు ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

1. పాజిటివ్ డబ్బాలో సిలికాన్ డిస్కుని పూత పైకి వచ్చేలా పెట్టండి.
2. పైపెట్‌తో 30 మైక్రోలీటర్ల ఎలక్ట్రోలైట్ వేయండి.
3. 19 మిల్లీమీటర్ల సెపరేటర్ పెట్టండి. కింద బుడగ చిక్కితే మెల్లగా అంచు ఎత్తి వదలండి.
4. ఇంకో 30 మైక్రోలీటర్లు వేయండి.
5. లిథియం డిస్కు ఉపరితలాన్ని గీకి మెరిసేలా చేసి పెట్టండి. సిలికాన్ డిస్కు కన్నా అది పెద్దదిగా ఉండి, పూర్తిగా కప్పాలి.
6. స్పేసర్, స్ప్రింగ్, గాస్కెట్ ఉన్న మూత. తర్వాత క్రింప్.

క్రింప్ చేసిన సెల్‌ని లోహపు పట్టకారుతో రెండు ముఖాలూ కలిపి పట్టుకోకండి, ఆ క్షణంలోనే షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ పట్టకారు వాడండి.

ఎలక్ట్రోలైట్ ప్రతి సెల్‌లోనూ ఒకే కొలత ఉండాలి. కారణం ఎఫ్‌ఈసీ. అది సిలికాన్ మీద గట్టి రక్షణ పొర ఏర్పరుస్తుంది, కానీ పొర చిట్లినప్పుడల్లా ఖర్చవుతూ ఉంటుంది. అది అయిపోయిన రోజున కెపాసిటీ ఒక్కసారిగా పడుతుంది. 60 మైక్రోలీటర్లలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఎఫ్‌ఈసీ ఉంటుంది. మీ పూత మొత్తం బరువుకు రెట్టింపు కన్నా ఎక్కువ. కెపాసిటీతో పోలిస్తే ఈ కాయిన్ సెల్‌లో ఎలక్ట్రోలైట్ కమర్షియల్ సెల్ కన్నా సుమారు పది రెట్లు ఎక్కువ. ఒక సెల్‌లో 60, ఇంకోదాంట్లో 120 వేసి వాటి ఆయుష్షు పోల్చితే మీరు పోల్చింది ఎఫ్‌ఈసీ నిల్వనే.

ఒక్కో పూతకు కనీసం మూడు సెల్స్ కట్టండి. వాటితోపాటు సిలికాన్ లేకుండా, గ్రాఫైట్ 0.85 పాళ్లతో ఇంకో పూత వేసి పోలిక కోసం రెండు సెల్స్ పెట్టండి. వాటిలో గ్రాము పూతకు 316 ఎంఏహెచ్ దగ్గరికి రావాలి. అదే రాకపోతే సమస్య సిలికాన్‌ది కాదు, మీ సెల్ కట్టే పద్ధతిది.

ఎనిమిదో దశ: సైక్లింగ్

సెల్‌ని 8 నుంచి 12 గంటలు ఊరికే ఉంచి వోల్టేజ్ చూడండి. సాధారణంగా 2.5 నుంచి 3.2 వోల్టుల మధ్య ఉంటుంది. సున్నా దగ్గర ఉంటే షార్ట్ అయింది, పక్కన పెట్టేయండి.

1. మొదటి రెండు సైకిళ్లు సి/20 రేటులో (మొత్తం కెపాసిటీ 20 గంటల్లో నిండే కరెంట్). మన డిస్కుకు 3.4 మిల్లీగ్రాములు × 0.797 = 2.7 ఎంఏహెచ్, కాబట్టి కరెంట్ 0.135 మిల్లీ ఆంపియర్.
2. కింది పరిమితి 0.01 వోల్టు, పై పరిమితి 1.0 వోల్టు.
3. తర్వాత సి/5 లేదా సి/3 రేటులో కొనసాగించండి. 25 సైకిళ్లకొకసారి ఒక సి/20 సైకిల్ పెట్టండి. మామూలు రేటులో పడిన కెపాసిటీ ఇక్కడ తిరిగొస్తే నిరోధం పెరిగింది. తిరిగి రాకపోతే పదార్థమే పోయింది.
4. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచండి. పగలూ రాత్రీ 5 డిగ్రీలు మారే గదిలో గ్రాఫ్ అలలు అలలుగా వస్తుంది.

సెల్ ఆయుష్షు పెంచాలంటే కింది పరిమితిని 0.07 వోల్టుకు పెంచి చూడొచ్చు. 0.05 వోల్టు దిగువన సిలికాన్ పూర్తిగా నిండి స్ఫటిక రూపంలోకి మారుతుంది, ఆ మార్పు రేణువుకు కష్టం. అయితే ఈ మార్పుతో గ్రాఫైట్ కెపాసిటీ చాలా పోతుంది. సిలికాన్ ఎక్కువ ఉన్న పూతలకే ఇది సరిపడే ఉపాయం.

అందరూ తికమకపడే చోటు ఒకటుంది. లిథియం ఎదురుగా ఉన్న ఈ హాఫ్ సెల్‌లో సిలికాన్‌లోకి లిథియం వెళ్లడాన్ని సైక్లర్ "డిశ్చార్జ్" అని రాస్తుంది, బయటకు రావడాన్ని "ఛార్జ్" అని. కూలంబిక్ ఎఫిషియెన్సీ అంటే బయటకు వచ్చినదాన్ని లోపలికి వెళ్లినదానితో భాగించాలి. మొదటి సైకిల్లో 115 శాతం వచ్చిందంటే మీరు రెండు కాలమ్‌లూ తారుమారు చేశారు.

తొమ్మిదో దశ: ఫలితం చదవడం

మొదటి సైకిల్ గ్రాఫ్ జాగ్రత్తగా చూడండి. కిందికి దిగేటప్పుడు 1.2-1.3 వోల్టుల దగ్గర చిన్న భుజంలా కనిపిస్తే అది ఎఫ్‌ఈసీ విచ్ఛిన్నం, ఉండాల్సిందే. స్ఫటిక సిలికాన్ 0.1 వోల్టు దగ్గర పొడవాటి చదునుగా కనిపిస్తుంది. తిరిగి పైకి వచ్చేటప్పుడు గ్రాఫైట్ తన లిథియాన్ని దాదాపు 0.25 వోల్టు లోపే ఇచ్చేస్తుంది. ఆపైన వచ్చేది చాలావరకు సిలికాన్ వాటా.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా జబ్బులు పట్టుకోవచ్చు. ప్రతి సైకిల్లో 0.25 వోల్టు కింద వచ్చిన కెపాసిటీనీ, పైన వచ్చినదాన్నీ వేరువేరుగా రాసుకోండి. పై భాగం మాత్రమే తగ్గుతుంటే సిలికాన్ రేణువులు పూతలో స్పర్శ కోల్పోతున్నాయి, బైండర్ మార్చండి లేదా కార్బన్ పెంచండి. రెండూ కలిసి తగ్గుతుంటే నిరోధం, ఎలక్ట్రోలైట్, లిథియం వైపు చూడండి. పైకి వచ్చేటప్పుడు 0.43 వోల్టు దగ్గర పదునైన చదును కనిపిస్తే సిలికాన్ పూర్తిగా నిండిన స్ఫటిక దశకు వెళ్లిందని గుర్తు. డీక్యూ/డీవీ (వోల్టేజ్ కొద్దిగా మారినప్పుడు కెపాసిటీ ఎంత మారిందో చూపే) గ్రాఫ్‌లో అది నిటారు శిఖరంగా కనబడుతుంది.

తర్వాత చూడాల్సింది ఎఫిషియెన్సీ. 99 శాతం అంటే బాగానే ఉందనిపిస్తుంది. సైకిల్‌కి 1 శాతం లిథియం పోతే వంద సైకిళ్ల తర్వాత మిగిలేది 37 శాతం. 99.5 అయితే 61. 99.9 అయితే 90. 500 సైకిళ్ల తర్వాత 80 శాతం మిగలాలంటే 99.95 పైన ఉండాలి. మరి 99 శాతం ఉన్న హాఫ్ సెల్ వంద సైకిళ్లు ఎలా నడుస్తుంది? ఎదురుగా ఉన్న లిథియం డిస్కు పోయినదాన్ని పూడుస్తూ ఉంటుంది. 0.25 మిల్లీమీటర్ల డిస్కులో చదరపు సెంటీమీటరుకు 50 ఎంఏహెచ్ పైగా ఉంటుంది, మీ ఆనోడ్‌కి కావాల్సినదానికి ఇరవై రెట్లు. కాబట్టి కెపాసిటీ గీత చదునుగా సాగినంత మాత్రాన నమ్మకండి. ఐదో సైకిల్ నుంచి ఎఫిషియెన్సీ గీతనే చూడండి. మామూలు సైక్లర్లు 99.90కీ 99.95కీ తేడా నమ్మకంగా చెప్పలేవు, ఆ స్థాయి మాటలు చెప్పే ముందు మీ పరికరం కచ్చితత్వం తెలుసుకోండి.

ఫలితం రాసేటప్పుడు గ్రాము సిలికాన్‌కి ఎంత అని మాత్రమే రాస్తే గ్రాఫైట్ ఇచ్చిన కెపాసిటీ కూడా సిలికాన్ ఖాతాలో పడుతుంది. గ్రాము పూతకు ఎంత, చదరపు సెంటీమీటరుకు ఎంత అనే రెండు అంకెలూ తప్పకుండా ఇవ్వండి.

పదో దశ: సెల్ పడిపోయాక

పడిపోయిన సెల్‌ని పారేయకండి. లిథియం పూర్తిగా బయటకు తీసిన స్థితిలో, అంటే 1.0 వోల్టు దగ్గర ఆపి, గ్లవ్ బాక్స్‌లో విప్పండి. సిలికాన్ డిస్కుని డైమిథైల్ కార్బొనేట్‌తో మెల్లగా కడిగి చూడండి.

- పూత సెపరేటర్‌కి అంటుకుని ఊడొస్తే: బైండర్ పట్టు చాలలేదు.
- పూత రేకు మీదే ఉండి, మట్టి ఎండినట్టు బీటలు వారితే: మందం ఎక్కువైంది, లేదా ఆరబెట్టడంలో తొందరపడ్డారు.
- సెపరేటర్ పొడిగా ఉంటే: ఎలక్ట్రోలైట్ అయిపోయింది.
- సిలికాన్ డిస్కు బాగానే ఉండి లిథియం నల్లగా, పొడిపొడిగా ఉంటే: చచ్చింది లిథియం వైపు.

ఆఖరిది చాలామందికి తెలియకుండా జరుగుతుంది. 2.4 ఎంఏహెచ్ మందంలో యాభై, వంద సైకిళ్లు తిరిగితే లిథియం డిస్కు బాగా పాడవుతుంది, ఆ నింద సిలికాన్ మీద పడుతుంది. తేల్చుకోవడానికి అదే సిలికాన్ డిస్కుతో కొత్త లిథియం, కొత్త సెపరేటర్, కొత్త ఎలక్ట్రోలైట్ వేసి మళ్లీ సెల్ కట్టండి. కెపాసిటీ తిరిగొస్తే మీ ఆనోడ్ ఇంకా బతికే ఉంది.

హాఫ్ సెల్ బాగుంటే తర్వాత

అప్పుడు కాథోడ్‌తో ఫుల్ సెల్ కట్టండి. హాఫ్ సెల్‌లో బయటకు వచ్చిన కెపాసిటీ చదరపు సెంటీమీటరుకు 2.1 ఎంఏహెచ్ అనుకుందాం. ఆనోడ్ కాథోడ్ కన్నా 10 శాతం ఎక్కువ ఉండేలా కాథోడ్‌ని 1.9 దగ్గర పెట్టండి. నికెల్ ఎక్కువున్న ఎన్‌ఎంసీ 811 (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఆక్సైడ్) అయితే గ్రాముకు 200 ఎంఏహెచ్ లెక్కన చదరపు సెంటీమీటరుకు 9.5 మిల్లీగ్రాములు కావాలి. కాథోడ్ డిస్కు 12 మిల్లీమీటర్లు ఉంటే ఆనోడ్ 13 లేదా 14 ఉండాలి. ఆనోడ్ అంచు లోపలికి జరిగితే అక్కడ లిథియం లోహం పేరుకుంటుంది.

ఇక్కడ మొదటి సైకిల్ నష్టం నేరుగా కాథోడ్ లిథియంలోంచే పోతుంది. హాఫ్ సెల్‌లో మొదటి ఎఫిషియెన్సీ 80 శాతం లోపు ఉంటే ఫుల్ సెల్‌కి వెళ్లొద్దు. ముందు సిలికాన్ రేణువు సైజు, ఆక్సైడ్ సంగతి చూడండి, లేదా ఆనోడ్‌కి ముందుగానే కొంత లిథియం ఎక్కించే పద్ధతి ప్రయత్నించండి. తేలికైన దారి ఏంటంటే, రెండు సైకిళ్లు తిరిగిన హాఫ్ సెల్‌ని గ్లవ్ బాక్స్‌లో విప్పి, ఆ ఆనోడ్‌నే ఫుల్ సెల్‌లో వాడటం. దానికి 13 లేదా 14 మిల్లీమీటర్ల డిస్కుతోనే మొదటి హాఫ్ సెల్ కట్టి ఉండాలి, లిథియం డిస్కు అంతకన్నా పెద్దది పెట్టాలి.

వోల్టేజ్ పరిమితులు 4.2, 3.0 పెట్టి మొదలుపెట్టండి. కింది పరిమితిని 2.5 దాకా దించితే కాస్త ఎక్కువ కెపాసిటీ వస్తుంది, కానీ అది సిలికాన్‌ని పూర్తిగా ఖాళీ చేసి వచ్చేదే, కుంచించుకుపోవడం ఎక్కువై స్పర్శ త్వరగా తెగుతుంది. 3.0 దగ్గర, 2.8 దగ్గర చెరో మూడు సెల్స్ ఒకేసారి నడిపి, ఐదో సైకిల్ తర్వాత ఎఫిషియెన్సీ దేనికి మెరుగ్గా ఉందో చూసి మీ పరిమితి నిర్ణయించుకోండి.